మా అత్తవారి తరఫు వానపాములు

ఏయ్, ఆగాగు, ఆ తొక్కలు కాలవలో పారబోస్తున్నావా ఏంటి? ఎంత నిమ్మళంగా పోస్తున్నావయ్యా బాబూ! ఇటు తే. గోడ మీదనించి అందించు. ఆఁ, పట్టుకున్నాలే, వదులు. నీ గిన్నె నేనేం తినను, మళ్ళీ ఇస్తా. అదికాదు, నువ్వే గోడ చుట్టూ తిరిగి ఇటు రా, ఆ రాయి మీద కూర్చో. పనుందా? సెలవు పూట నీకేం పనయ్యా, మీ ఇంట్లో పనంతా చేసేది నీ పెళ్ళాం, నాకు తెలీదా. మీ అత్తగారు వచ్చి ఉందటగా. మొన్న బండి దిగుతుంటే చూశాన్లే. చేతిలో పెట్టె, మొహాన 'నేనెవరికీ అడ్డం రాను' అనే నవ్వు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఏం, ఎలా ఉందావిడ? ... అన్నిటికీ వద్దంటోందా! హ్హహ్హ. టీ వద్దు, ఫ్యాను వద్దు, దిండు వద్దు. అయితే నీకు పనున్నా సరే, కూర్చోవాల్సిందే. ముందు ఆ తొట్టి మీద గోనె పక్కకి లాగు. భయపడకు, కరవవు. వానపాములకి పళ్ళుంటాయా ఎక్కడైనా? అవి మా చుట్టాలయ్యా. అత్తవారి తరఫు. కప్పెయ్, కప్పెయ్, వెలుగు పడదు వాటికి.

మా అత్తగారని ఒకావిడ ఉండేదిలే. నువ్వు పుట్టకముందు మాట. మా అత్తగారంటే మా ఆవిడ తల్లే, ఇంకెవరవుతుంది నా మొహం. మామగారు పోయాక ఊళ్ళో ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది, ఎన్నిసార్లు పిలిచినా వచ్చేది కాదు. "అల్లుడి గుమ్మంలో అత్త ఎంతసేపుండాలి? చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కునేంత సేపు" అనేది. మాటకి తక్కువ లేదులే. అలాంటిది, ఒకసారి బావి దగ్గర జారిపడి, లేవలేక, లేపే దిక్కు లేక, పాలవాడొచ్చి చూసేదాకా ఆ గచ్చు మీదే పడుంది. ఆ సంగతి తెలిసింతర్వాత మా ఆవిడ ఊరుకుంటుందా? ఏడుపు. నాకు అన్నంలోకి కూర బదులు ఏడుపే వడ్డించేది. సరే, వెళ్ళి తీసుకొచ్చాం. వచ్చింది. ఎలా వచ్చిందీ? ఒక రేకు పెట్టె, నడుముకి ఊళ్ళో ఇంటి తాళంచెవి, చంకలో మూతికి గుడ్డ కట్టిన కుండ. దారి పొడుగునా ఆ కుండని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

మా ఆవిడకి ఏమనిపిస్తుంది? అమ్మ ఏదో తినేది చేసుకొచ్చింది అనిపిస్తుంది. చిన్నప్పటి అలవాటు. ఆవిడ కాళ్ళు కడుక్కునేలోపు ఇది ఆ గుడ్డ విప్పి, "ఏం తెచ్చావమ్మా?" అంటూ మోచేతి దాకా చెయ్యి పెట్టేసింది. ఇక చూస్కో! ముందు వైపు కొట్టు, వెనక వైపు ఇల్లు కదా మనది, నేను మిషను దగ్గర చొక్కా కుడుతున్నాను. ఆ కేకకి నా కాలు ఆగకుండా తొక్కేసింది, చొక్కా చెయ్యి తీసుకెళ్ళి మెడకి కుట్టేశాను. అబద్ధమైతే నా కత్తెర మీద ఒట్టు. పరుగెత్తి వచ్చి చూద్దును కదా, వంటింటి నిండా మట్టి, మట్టిలో వానపాములు, మా ఆవిడ గట్టు మీదెక్కి కూర్చుంది. అత్తగారేమో తాపీగా ఒక్కోదాన్నీ ఏరి కుండలో వేసుకుంటూ, "వాటిని భయపెట్టావు కదే, పిచ్చిమొహమా" అంటోంది. వాటినిట!

పెట్టె తెచ్చుకుందే గానీ ఖాళీ చెయ్యలేదు సుమా. మంచం కిందికి నెట్టనివ్వలేదు. తలుపు పక్కనే పెట్టుకుంది. రోజూ బట్టలు అందులోంచి తీసేది, ఉతికి మళ్ళీ అందులోనే మడిచేది. గోడకి మేకులున్నాయి, బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చాం, ఊఁహూఁ. మర్నాడో ఆ మర్నాడో నన్ను పెరట్లోకి పిలిచింది. పెరడంటే ఇప్పుడు నువ్వు చూస్తున్న పెరడు కాదు బాబూ. ఈ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలూ, సున్నం పెళ్ళలూ అన్నీ ఇక్కడే పోసి పైన ఇంత మట్టి చల్లి పోయాడు మేస్త్రి మహానుభావుడు. గునపం వేస్తే ఖంగుమనేది. గడ్డి కూడా సిగ్గుపడి మొలిచేది కాదు. ఆవిడ కాలి బొటనవేలితో గీరి చూసి, "అల్లుడుగారూ, ఊరికే కూర్చుని తింటే నాకరగదు" అంది. "ఈ నేలలో ఒక్క కాయ కాయించానే అనుకోండి, అప్పుడు మీ ఇంట్లో తినే ముద్ద నా ముద్ద అవుతుంది, ఉంటాను. కాయలేదూ, తాళంచెవి నా నడుముకే ఉంది, బస్సు ఎక్కడాగుతుందో నాకు తెలుసు." నేను "అయ్యో అదేం మాటత్తయ్యా" అన్నాను. అనాలిగా మరి. లోపల మాత్రం వేరే లెక్క. ఈ నేలలో కాయ కాయడమా, ఎప్పటికి? ఈవిడ మళ్ళీ ఆ బావి దగ్గరికే పోతుంది, ఈసారి పాలవాడు ఆలస్యంగా వస్తాడు, అంతే అనుకున్నా. చూడు, 'అత్త లేని కోడలు ఉత్తమురాలు' అని కోడలికి సామెత కట్టారు. అల్లుడికి ఎవరూ కట్టలేదు. వాడి బాధ ఎవడిక్కావాలి.

ఏంటి? ఆఁ, ఎరువు సంగతా, వస్తున్నా వస్తున్నా, నీకు తొందరెక్కువ. పనికిరాదని మూల పడేసిన పగిలిన నీళ్ళ తొట్టి ఉంటే దాన్ని నీడకి జరిపించింది. అదే ఇది. దాని పక్కన చెత్త కుప్ప మొదలెట్టింది. పారెయ్యడం కాదయ్యా, పరుపు పరిచినట్టు పరిచేది. ఒక పొర ఎండాకులు, ఒక పొర కూరగాయల తొక్కలు, మళ్ళీ ఎండాకులు. "పచ్చిదానికి ఎండుది తోడుండాలి అల్లుడుగారూ. పచ్చిదొక్కటే వేస్తే కుళ్ళి కంపు కొడుతుంది. ఎండుదొక్కటే వేస్తే ఉలకదు పలకదు, అలాగే కూర్చుంటుంది. మొగుడూ పెళ్ళాల లెక్కే" అనేది. ఆ మాట అంటూ నా వంక ఎందుకు చూసేదో ఇప్పటికీ తెలీదు. కుప్ప ముందు వేడెక్కుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ కోపం దిగాకే దాన్ని తొట్టిలోకి ఎత్తి వానపాముల్ని వదలాలి. తడి ఎంతుండాలీ? పిండిన గుడ్డలో ఎంతుంటుందో అంత. పిడికిట్లో పట్టి నొక్కితే వేళ్ళ సందున ఒక చుక్క మెరవాలి, కారకూడదు. ఉప్పు వద్దు, నూనె వద్దు, పులుపు అసలు వద్దు. ఆ మాట గుర్తుపెట్టుకో, ముందుంది కథ.

మా కొట్లో కత్తిరింపులు కూడా అడిగేది. నూలు ముక్కలైతేనే. "ఇదేం గుడ్డండీ, పాములు వాసన చూసి పక్కకి పోతున్నాయి" అని ఒకరోజు ఒక ముక్క తెచ్చి చూపించింది. చూస్తే నూలని చెప్పి నాకంటగట్టిన తాను. గుడ్డల వ్యాపారి దగ్గరికి పోయి, "మా అత్తగారి పాములు నీ గుడ్డ తినటం లేదయ్యా" అని గొడవేసుకున్నా. వాడికి నాకు మతి పోయిందని అనుమానం వచ్చి వేరే తాను ఇచ్చేశాడు. ఇక జల్లెడ. తయారైన మట్టిని జల్లించడానికి వంటింట్లో పిండి జల్లెడ పట్టుకుపోయేది. మా ఆవిడ వెతుకుతూ ఉండేది, తల్లిని మాత్రం అడిగేది కాదు. నన్ను అడిగేది! "ఏవండీ, జల్లెడ చూశారా?" నేను కొట్లో కూర్చుని జల్లెడతో ఏం కుడతానయ్యా?

మా ఒక్క ఇంటి తొక్కలు ఏ మూలకి? అందుకని పొద్దున్నే బకెట్టు పుచ్చుకుని వీధిలో బయల్దేరేది. మోకాళ్ళు నొప్పులని మూలిగే మనిషి, తొక్కల కోసమైతే ఈ చివరనించి ఆ చివరికి నడిచేసేది. తిరిగొచ్చి కుప్ప మీద పోస్తూ వీధి సంగతులన్నీ చెప్పేది. ఎవరో చెప్పగా కాదు, చెత్త చూసి! "మేడింట్లో దుంపలు చూడండి, తొక్కతో పాటు సగం దుంప పోయింది. పొద్దున్న మొగుడితో పోట్లాడింది ఆ పిల్ల, కత్తికి చెప్పుకుంది. ఈ ఇంట్లో టీ పొడి తెల్లబడేదాకా కాచారు, చుట్టాలు దిగి ఇంకా కదల్లేదు పాపం." ఒకరోజు మూలింటి తొక్కలు నా చేతిలో పెట్టింది. సిగరెట్టు కాగితంలా ఉన్నాయి. "ఇంత పలచగా ఎవరు తీస్తారో తెలుసా? ఆ సొమ్ము తమది కాదనుకునేవాళ్ళు. ఆ ఇంటికి కొత్త కోడలొచ్చిందిలెండి. ఇల్లు తనదనిపించాక చూడండి, తొక్క మందమవుతుంది" అంది. నవ్వాను నేను. తర్వాత మా వంటింటి తొక్కలు బకెట్టులో కనపడ్డాయి. మా ఆవిడ తీస్తే చెక్క పేళ్ళలా వచ్చేవి, దానికి తొందర. ఇవి ఆవిడ తీసినవి. వేలి మీద వేసుకుంటే వేలు కనపడుతోంది. నవ్వు ఆగిపోయింది నాకు. మా ఆవిడకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ కూరలోకి ఏడుపే.

పక్కిల్లు, అదే ఇప్పుడు మీరున్న ఇల్లు, అందులో ఒకావిడ ఉండేది. కడుగుడు వదిన అనేవాళ్ళం. ఇల్లు కడుగుతుంది, వాకిలి కడుగుతుంది, గోడలు కడుగుతుంది, మొగుడు ఆఫీసునించి వస్తే గుమ్మంలో నిలబెట్టి కడుగుతుందని చెప్పుకునేవాళ్ళు. ఆవిడకి మా తొట్టి కంట్లో నలుసైపోయింది. "వదినా! మీ అమ్మగారు పాముల్ని పెంచుతున్నారటగా! గోడ దాటి వస్తే నేను ఊరుకోను, చెప్తున్నా!" అని ఆ గోడ మీదనించి తల పెట్టి అరిచేది. మా అత్తగారు ఇటునించి, "నువ్వలా కడుగుతుంటే నీ ఇంట్లో ఈగే బతకదు, పామెలా బతుకుతుందమ్మా, అది రాదులే" అనేది. ఈ లోపల ఏమైందీ? తొట్టి పక్కన, మట్టి పోసిన చోట, ఎవరూ వెయ్యకుండా ఒక సొర మొక్క మొలిచింది. తొక్కలతో పాటు ఏ గింజో పడుంటుంది. మొలిచింది, పాకింది, గోడెక్కింది. తెల్లటి పువ్వులు కూడా పూసింది. మా అత్తగారు దాని గురించి నోరెత్తేది కాదు, దిష్టి తగులుతుందన్నట్టు. నేను మాత్రం పొద్దున లేవగానే ముందు దాని మొహమే చూసేవాణ్ణి. పూలు రాలిపోతున్నాయి, పిందె నిలవటంలేదు. నా ప్రాణం దాని తొడిమెలో ఉంది.

ఇప్పుడు షర్బతు బండివాడొస్తాడు కథలో. మంచివాడు. మన వీధి మొదట్లో నిమ్మకాయ షర్బతు అమ్మేవాడు. వీధంతా తొక్కలిస్తున్నారు, నేనూ ఇవ్వాలని వాడి సరదా. ఎప్పుడు కనపడినా, "అమ్మా, నిమ్మ చెక్కలున్నాయి, గంపెడు, పంపించనా?" అనేవాడు. ఈవిడ "వద్దు నాయనా" అనేది. అసలు సంగతి ఏంటంటే, ఆవిడ నోట్లోంచి 'వద్దు' అనే మాట రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు. కూర వద్దు, దుప్పటి వద్దు, వేణ్ణీళ్ళు వద్దు. మొహమాటం! అందుకని మా ఆవిడ ఇంట్లో ఒక చట్టం చేసింది. అమ్మ వద్దంటే వేసెయ్యడమే. కంచం మీద చేతులు అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వేసేది. చలిగా లేదే అంటే రెండు దుప్పట్లు కప్పేది. వీధిలో కూడా చెప్పింది, "మా అమ్మ ఏదైనా వద్దంటే నమ్మకండి, పెట్టెయ్యండి" అని. షర్బతువాడికీ చెప్పింది. వాడు ఏం చేశాడూ? ఒక సాయంత్రం మేమంతా పేరంటానికో దేనికో పోతే, పోనీ ఏదో పనిమీద పోయాంలే, రెండు గంపల నిమ్మ చెక్కలు, ఉప్పూ రసమూ ఓడుతున్నవి, మోసుకొచ్చి తొట్టిలో నింపి, గోనె కప్పి, ఎవరికీ చెప్పకుండా పుణ్యం మూటగట్టుకుని పోయాడు.

తెల్లారింది. మా హైస్కూలు పెద్ద పంతులుగారు ప్యాంటు కొలతకి పొద్దున్నే వచ్చాడు. నేను టేపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని కాలి పొడవు తీస్తున్నా. "దర్జీ, ఈ టేపు కదులుతోందేంటయ్యా" అన్నాడాయన. అది టేపు కాదు! బూటు మీదనించి పైకి ప్రయాణం కట్టింది. ఆయన ఎగిరిన ఎగురుడు చూడాలి, బళ్ళో పిల్లలు చూస్తే సెలవిచ్చేసేవాళ్ళు. కొలత సగంలో వదిలేసి వీధిలోకి పరుగు. చూస్తే గుమ్మం నిండా వానపాములు, మిషను తొక్కుడు కింద వానపాములు, పెరటి గోడ మీద బారులు తీరి వానపాములు. పులుపు పడక, ఉప్పు మంటకి, ఉన్నదంతా వదిలేసి సంసారాలతో సహా వలస పోతున్నాయి. గోడ అవతల కడుగుడు వదిన కేక. ఆవిడ గచ్చు తడిగా ఉంటుందాయె, వాటికి అంతకంటే చల్లటి చోటేదీ, అన్నీ అక్కడికే!

మా అత్తగారు వచ్చి గోనె ఎత్తింది. ఒక నిమ్మ చెక్క తీసి చూసింది. అరిచుంటే బాగుండేది. లోపలికెళ్ళి పెట్టె మూత నొక్కి, కొక్కెం పెట్టి, వీధి గుమ్మంలోకి ఈడ్చుకొచ్చి దాని మీద కూర్చుంది. "మధ్యాహ్నం బస్సుకి పోతానండీ అల్లుడుగారూ" అంది. ఈలోగా షర్బతువాడు తేలు కుట్టిన దొంగలా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నేనే. మీరు వద్దంటే మొహమాటం అనుకున్నా. చెల్లెమ్మగారే చెప్పింది, అమ్మ వద్దంటే వేసెయ్యమని." అప్పుడావిడ, గొంతు పెంచకుండానే, కూతుర్ని చూసి అంది. "ఏమ్మా, ఈ ఇంట్లో నేను అన్న ఒక్క మాట కూడా మాట కాదా? అన్నం వద్దంటే పడుతుంది, దుప్పటి వద్దంటే పడుతుంది. సరే, అమ్మాయి ముచ్చట అనుకున్నా. బలవంతం ఎవరికి చేస్తారే? చుట్టాలకి చేస్తారు. నేను చుట్టాన్నని రోజూ రెండు పూటలా చెప్తున్నావు. వాటికి పడలేదు, పోయాయి. వాటికున్న బుద్ధి నాకుండద్దూ?" మేం ప్రేమనుకున్నది ఆవిడకి అలా తగులుతోందని మాకు తోస్తే కదా.

మా ఆవిడేం చేసిందో తెలుసా? బతిమాలలేదు. ఏడవనూ లేదు, అదొక వింత. తిన్నగా పెరట్లోకి పోయి, వానపాము అంటే గట్టెక్కి కూర్చునే మనిషి, కాలవ పక్కన కూలబడి వట్టి చేతులతో ఏరటం మొదలెట్టింది. "అమ్మా, ఇదిగో ఒకటి... ఛీ ఛీ, జారిపోతోంది... ఇదిగో ఇంకోటి... బాబోయ్ చేతికి చుట్టుకుంది... ఇదిగోనమ్మా!" కళ్ళు గట్టిగా మూసుకుని ఏరుతోంది! కళ్ళు మూసుకుని ఏరితే సగం పుల్లలే వస్తున్నాయి. నేనూ వంగాను. షర్బతువాడు బండి వీధిలో వదిలేసి వంగాడు. మూలింటి కొత్త కోడలు చీపురు పుల్ల మీద ఒకదాన్ని మోసుకొచ్చింది. మేడింటి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి, ఇది నేను చూశానంటే నేను చూశానని ఒక్క వానపాము కోసం పోట్లాడుకుంటున్నారు. చివరికి, ఎవరొచ్చారనుకున్నావ్? కడుగుడు వదిన. చేతిలో పాలగిన్నె. నిజం, పాలు కాచే గిన్నె! ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "పిన్నిగారూ, మా గచ్చు మీద దారి తప్పి తిరుగుతున్నాయి. పాపం మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి, రెండు నీళ్ళు పోసి శుభ్రంగా కడిగి తెచ్చాను" అంది.

అంత కోపంలోనూ మా అత్తగారి పెదవి అదిరింది. నవ్వు ఆపుకుంటోంది. అయినా పెట్టె మీదనించి లేవలేదు. ఇంతలో నేను తెలివిగా, ఏరినవన్నీ ఒక రేకు పళ్ళెంలో వేసి, ఆవిడకి కనపడాలని అరుగు మీద ఎండలో పెట్టాను. అంతే! "అయ్యో అయ్యో, ఎండలో పెడతారా, రేకులో! వేగిపోవూ! తడి గోనె ఏదీ? ఎవరక్కడ? ఆ చెక్కలన్నీ ఎత్తి పారబొయ్యండి, కింది మట్టి గోకకండి, పైదే, పైదే! కోడిగుడ్డు పెంకులుంటే దంచి తెండి, పులుపు విరగాలి!" అంటూ లేచింది. మోకాళ్ళు అడ్డం రాలేదు. సాయంత్రం దాకా వీధంతా ఆవిడ చేతి కింద కూలి పని చేసింది. మధ్యాహ్నం బస్సు హారను వినపడితే అందరం ఒక్కసారి తలెత్తి చూశాం. ఆవిడకి వినపడలేదు. వినపడనట్టు నటించిందో, నాకు తెలీదు.

పెట్టె మాత్రం గుమ్మంలోనే ఉంది. ఆ పూట అన్నాలకి కూర్చున్నాం. మా ఆవిడ కూర గరిటెతో వచ్చింది. ఆవిడ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు, వద్దు" అంది. మా ఆవిడ గరిటె ఆగింది. గాల్లో. తల్లి చెయ్యి వంక చూసింది, నా వంక చూసింది. గరిటె వెనక్కి తీసేసుకుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి! అత్తగారు కంచం చూసుకుంది. అన్నం ఉంది, కూర అయిపోయింది. ఒక ముద్ద వట్టిది తింది. గిన్నె వంక చూసింది. నన్ను చూసింది. నేను గోడ చూస్తున్నా. నాకు నవ్వొస్తోంది, ఆపుకోలేక ముక్కులోంచి నీళ్ళొస్తున్నాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడగకుండానే కూతురు కుమ్మరిస్తుంటే అమ్మకి అడగడమే అలవాటు తప్పిపోయింది. చివరికి అంది. "ఆ గరిటె పట్టుకుని అలా ఎంతసేపు నిలబడతావే, చెయ్యి పీకదూ? ఇంకాస్త వెయ్యి." మా ఆవిడ వేసింది. "ఇంకాస్త" అంది. మళ్ళీ వేసింది. "ఆఁ, ఇప్పుడు చాలు." ఆగిపోయింది. ఆ తర్వాత వంటింట్లోకి పోయి తలుపు చాటున ఏడ్చిందిలే మా ఆవిడ. అది వేరే ఏడుపు.

సొర పాదా? కాయకేం, కాసింది. మట్టి సర్దుకున్నాక, వానలు పడ్డాక, పిందె నిలిచింది. ఎక్కడ నిలిచిందీ? గోడ దాటిపోయి కడుగుడు వదిన వైపు! మన నేలలో కాసినట్టా కాదా అని నాకు బెంగ. ఆవిడే రోజూ దాన్ని తుడిచి, నిగనిగలాడించి, ఒకరోజు కోసి తెచ్చిచ్చింది. మా అత్తగారు దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కత్తిపీట ముందేసుకుంది. ఏదైనా అంటుందేమో అని నేను కొట్టు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. తరిగింది, అంతే. మర్నాడు తొక్కలు తొట్టిలో వెయ్యబోతూ చూశాను. ఇంత లావున ఉన్నాయయ్యా! కండతో సహా, తెల్లగా, నిర్లక్ష్యంగా. మహారాణిలా తరిగి పారేసింది. నేను అక్కడే నిలబడి ఆ తొక్క పట్టుకుని... నువ్వు నవ్వుతావు, నవ్వు. పోయి మా ఆవిడకి చూపించాను. "ఇదేంటండీ, ఇంత దండగ చేసిందీ" అంది అది. "నోర్ముయ్, సంతోషించు" అన్నాను. లోపలికెళితే పెట్టె మంచం కింద ఉంది. నడుమున తాళంచెవి లేదు. అది జల్లెడ పక్కన మేకుకి వేలాడుతోంది.

చాలా ఏళ్ళు ఉందిలే మా దగ్గర. పోయేముందు కూడా, ఆ మంచంలో, "మా వాళ్ళకి నీళ్ళు చల్లారా?" అనడిగింది. మా వాళ్ళంటే ఇవే. ఇవి ఆ కుండలో దిగినవాటి మునిమనవలో, వాళ్ళ మనవలో. పెళ్ళి చేసుకున్నప్పుడు ఎవరెవరో బంధువులొచ్చారు మా అత్తవారి తరఫున, ఇప్పుడు ఒక్కళ్ళూ కనపడరు. ఇవి మాత్రం మిగిలాయి. ఆ మట్టి ఇంత చేతిలోకి తీసుకో. వాసన చూడు. టీ పొడిలా పొడిపొడిగా లేదూ? ఈ నేలలో గునపం ఖంగుమనేదంటే ఎవరైనా నమ్ముతారా?

సరే, ఏం తెచ్చావో చూద్దాం నీ గిన్నెలో. దుంపలు, ఆఁ... ఇది ఎవరు తీశారయ్యా? మీ ఆవిడ కాదు, దాని తొక్కలు నేనెరుగుదును. మీ అత్తగారా? ... ఊఁ. ఇలా పట్టుకో. వెలుగుకి పెట్టి చూడు. అవతల జామచెట్టు కనపడుతోందా?

పెట్టె ఎక్కడ పెట్టుకుంది?

...

గిన్నె ఇక్కడే వదిలేసి పో. కడిగివ్వను, పంపించను. నాకు జల్లెడ పట్టే చెయ్యి కావాలి, మా ఆవిడకి చూపానడంలేదు. ఇదేదో సాయం కాదు, పనని చెప్పు. గిన్నె కావాలంటే మీ అత్తగారినే రమ్మను.